చెంప మీద లేని మచ్చ

ఆ రోజుల్లో హన్మకొండ చౌరస్తాలో ఇంగ్లీషు ఫారం నింపడం వచ్చిన మనిషంటే డాక్టరు కన్నా ఒక మెట్టు కింద, కంపౌండరు కన్నా రెండు మెట్లు పైన. ఇప్పుడు నాకు ఫారం పేరు చెబితేనే ఒళ్ళు బరువెక్కుతుంది. బ్యాంకువాళ్ళు ఏడాదికోసారి నేను నేనేనని రాసిమ్మంటారు. నవంబరు వచ్చిందంటే పెన్షనువాళ్ళు నేనింకా బతికే ఉన్నానని రాసిమ్మంటారు (ఎదురుగా నిలబడి దగ్గినా నమ్మరు). రెండింటికీ తలూపి, కళ్ళజోడు తుడుచుకుని, వేలు పెట్టి చూపించిన చోట సంతకం చేసి వచ్చేస్తాను. ఎందుకూ అని అడిగే ఓపిక లేదు. ఒకప్పుడు ఇదే చేత్తో ఊళ్ళకు ఊళ్ళ ఫారాలు నింపానంటే ఇంట్లోవాళ్ళు నవ్వుతారు. అందులో ఒక్క ఫారం సంగతి మాత్రం వాళ్ళకు ఇంతవరకూ చెప్పలేదు.

అప్పుడు నాకు ఇరవై మూడేళ్ళు. బీకాం పాసై, ఉద్యోగం దొరక్క, చౌరస్తాలో మేడ మీదున్న ఒక టైపు ఇనిస్టిట్యూటులో పిల్లలకు ఏ వేలు ఏ అక్షరం మీద పెట్టాలో చెబుతూ కాలం గడుపుతున్నాను (లోయరు నేను పాసయ్యాను, హయ్యరు మూడుసార్లు నన్ను వద్దంది). మా ఓనరును అందరూ పెద్దసారు అనేవారు. ఆయనకు మాటలు తక్కువ, ముక్కుపొడుం ఎక్కువ. సరిగ్గా ఆ కాలంలోనే మా వైపు కూడా గల్ఫు గాలి తగిలింది. మస్కట్, దుబాయ్, కువైట్ అనే పేర్లు తొర్రూరు, రఘునాథపల్లి అన్నంత తేలిగ్గా జనం నోళ్ళలో ఆడుతుండేవి. మేస్త్రీలు, వడ్రంగులు, డ్రైవర్లు పాస్‌పోర్టు ఫారాలు చుట్టచుట్టి చేత పట్టుకుని మా మేడ మెట్లెక్కి వచ్చేవారు. పెద్దసారు ఆ పని నాకు అప్పజెప్పాడు. నాలుగు నెలలు తిరిగేసరికి నాకు 'ఫారాల సారు' అని పేరొచ్చింది. పేరు వచ్చింది కనక తెలివీ వచ్చే ఉంటుందని నేను అనుకున్నాను.

"వీజాకు పాస్‌పోర్టుకు ఏం ఫరక్ సారూ?" అని ఎవరైనా అడిగితే చాలు, నేను కుర్చీలో వెనక్కి వాలేవాణ్ణి. "పాస్‌పోర్టంటే మన సర్కారు 'పో' అని ఇచ్చే కాయితం. వీజా అంటే ఆళ్ళ సర్కారు 'రా' అని ఇచ్చే కాయితం. గంతే." ఆ పైన వీసాల్లో రకాలు చెప్పేవాణ్ణి. విజిట్ వీసా అంటే చుట్టపుచూపు, తిని తిరిగి రావాలి, పనిలో చెయ్యి పెట్టకూడదు. పని వీసా అంటే పెద్దజీతం, అంటే పాలేరుగా ఉన్నట్టు, పెట్టుకున్న షేటు దగ్గర తప్ప ఇంకోచోట చెయ్యకూడదు. ఆజాద్ వీసా అంటే పేరుకు ఒక షేటు ఉంటాడు, పని ఎక్కడ దొరికితే అక్కడ. వినేవాళ్ళు నోళ్ళు తెరుచుకుని వినేవారు. మొదటి రెండూ నిజమే. మూడోది ఏ చట్టంలో ఉందో నాకు అప్పుడూ తెలియదు, ఇప్పుడూ తెలియదు. నేనేమో హైదరాబాదు దాటి ఎరగను.

మా చిన్నక్కను నర్సంపేట పక్కన ఒక ఊళ్ళో ఇచ్చాం. చిన్నబావ సుతారి పని చేసేవాడు, అంటే ఇళ్ళు కట్టే మేస్త్రి. ఆయన కట్టిన గోడను దారం పట్టి చూడాల్సిన పని లేదని చుట్టుపక్కల ఊళ్ళలో చెప్పుకునేవారు. నోరు విప్పితే మాత్రం మూడు ముక్కలకు మించి వచ్చేవి కావు. రెండేళ్ళు వరసగా వానలు పోయి, పత్తి పోయి, ఊళ్ళో ఇల్లు కట్టే మనిషే లేకుండా పోయాడు. వారంలో రెండు రోజులు పని, ఐదు రోజులు అరుగు. అప్పుడు ఆయనతో పని నేర్చుకున్న స్నేహితుడొకడు మస్కట్ నుంచి కబురు పంపాడు. పాస్‌పోర్టు తీసి ఉంచుకో, మా షేటుకు చెప్పి వీసా పంపిస్తానని. అంతే, ఫారాల సారుకు పిలుపొచ్చింది.

అరుగు మీద బావ, బావ తల్లి, అక్క, అక్క ఒళ్ళో నాలుగు నెలల పాప. ఎదురుగా నేను. నా 'పో' కాగితం, 'రా' కాగితం ఉపన్యాసం అంతా విని, అత్తమ్మ (బావ తల్లిని నేను అలాగే పిలుస్తాను) చుట్ట ఆర్పి పక్కన పెట్టింది. "పొమ్మనేదొకటి, రమ్మనేదొకటి. మరి ఉండుమనే కాయితం లేదా బిడ్డా?" అంది. అంత సూటి ప్రశ్న నన్ను చౌరస్తాలో ఎవరూ అడగలేదు. తెలియదు అనడం అప్పటికి నాకు అలవాటు తప్పింది. "ఎందుకు లేదు అత్తమ్మా, సిటిజన్‌షిప్ అంటరు. ఐదేండ్లు ఉంటే ఆళ్ళే పిలిచి ఇస్తరు. గప్పుడు అక్కను, పాపను, నిన్ను గూడ తీస్కపోవచ్చు" అన్నాను. (ఎప్పుడో క్షవరానికి పోయినప్పుడు ఒక రంగుల పత్రికలో, మంచు కురిసే ఏదో దేశం గురించి చదివిన సంగతి అది.) అత్తమ్మ ఐదు వేళ్ళూ ఒక్కొక్కటే ముడిచి చూసుకుని, "ఐదే కదా, కండ్లు మూసి తెరిసేటాళ్ళకు అయితయి" అని ఒప్పుకుంది. అక్క పాప కాళ్ళకు నూనె రాస్తూ ఉంది.

మర్నాడు ఈ మాట పెద్దసారు దగ్గర అంటే ఆయన పొడుం డబ్బీ మూత పెట్టి నన్ను చూశాడు. "ఆ దేశాలల్ల యాభై ఏండ్లు సున్నం రాసినా సిటిజన్ చెయ్యరు. పనున్నన్ని రోజులు ఉండాలె, వీజా గడువు అయిపోతే రావాలె. ఎవడు చెప్పిండురా నీకు?" అన్నాడు. "ఎవరో అనంగ విన్న సార్" అన్నాను. ఊరికి పోయి మాట దిద్దుకోవాలని మూడు ఆదివారాలు అనుకున్నాను. ఒక ఆదివారం ఎండగా ఉంది, ఒక ఆదివారం బస్సు దొరకలేదు, ఒక ఆదివారం సిగ్గేసింది. తర్వాత మరిచిపోయాను.

ఇక ఫారం. బావ సంతకం నేను ముందే ఖాళీ ఫారం మీద చేయించుకుని తెచ్చుకున్నాను (అది నా ముందుచూపు). ఫొటోలు నర్సంపేటలో దిగి, మా చౌరస్తా మీదుగా పోయే బస్సు కండక్టరు చేతికిచ్చి పంపించారు. నేను ఫారం టైపు మిషనులో పెట్టి, పేరు, ఊరు, తండ్రి పేరు, ఎత్తు అన్నీ టకటకా కొట్టేశాను. ఎత్తు అక్క ద్వారా తెలుసు, ద్వారబంధం కన్నా రెండు వేళ్ళు తక్కువ. చివర్లో ఒక గడి వచ్చింది. మనిషిని గుర్తుపట్టడానికి పైకి కనిపించే గుర్తేదైనా ఉంటే రాయమని. మామూలుగా అయితే మనిషిని ఎదురుగా కూచోబెట్టి, చొక్కా మడిచి, గాయాలూ మచ్చలూ వెతికి రాస్తాం. బావ కోసం నర్సంపేట దాకా ఎవరు పోతారు? ఫొటో కిటికీ దగ్గర పెట్టి చూశాను. ఎడమ చెంప మీద పెసరగింజంత నల్లటి చుక్క నిక్షేపంగా కనబడింది. ఆయన్ని ఏడేళ్ళుగా చూస్తున్నాను, ఈ మచ్చ ఎప్పుడూ గమనించలేదే అనుకున్నాను. గమనించని తప్పు నాదేనని నన్ను నేనే మందలించుకుని, 'ఎడమ చెంప మీద పుట్టుమచ్చ' అని పెద్దక్షరాల్లో కొట్టాను. ఆ లైను ఎంత నీటుగా పడిందంటే, పక్కన కూచుని టైపు నేర్చుకుంటున్న పిల్లలకు కూడా చూపించాను.

పాస్‌పోర్టు నాలుగు నెలలకు రిజిస్టరు పోస్టులో నేరుగా బావ ఊరికి వచ్చింది. ఊరి పంతులు దాని నంబరు ఒక చీటీ మీద రాసి మస్కట్‌కు పంపించాడు. ఆ తర్వాత అత్తమ్మ దాన్ని పసుపు గుడ్డలో చుట్టి దేవుని గూట్లో పెట్టింది. వీసా వచ్చేదాకా ఎవరూ ముట్టొద్దని, నలుగురి కళ్ళూ పడితే పని చెడుతుందని ఆమె కట్టడి. ఇంకో రెండు నెలలకు వీసా కాగితం వచ్చింది. అది వాళ్ళ చేతిలో పడేటప్పటికే ఎవరెవరి సంచుల్లోనో తిరిగి బాగా నలిగిపోయి ఉంది. చదివి చెప్పడానికి మళ్ళీ నేనే.

ఆ పొద్దు ఇంటి ముందు పదిమంది దాకా పోగయ్యారు. వీసా కాగితం సగం అరబ్బీలో, సగం ఇంగ్లీషులో ఉంది. ఇంగ్లీషు సగంలో, ఫలానా తారీఖులోపు ఆ దేశంలో దిగకపోతే ఈ వీసా చెల్లదని ఉంది. లెక్క చూస్తే ఇరవై నాలుగు రోజులు. "శానా టైమున్నది, బేఫికర్" అన్నాను. తర్వాత అత్తమ్మ స్నానం చేసి వచ్చి పసుపు గుడ్డ విప్పి పాస్‌పోర్టు నా చేతికిచ్చింది. జనం ముందు దాన్ని కూడా చదివి అర్థం చెప్పాలని నాకు బుద్ధి పుట్టింది. పేరు చదివాను, తండ్రి పేరు చదివాను, కళ్ళ రంగు నలుపు అన్నాను. చివరికి, "ఎడమ చెంప మీద పుట్టుమచ్చ" అని గొంతు పెంచి చదివాను.

అందరూ బావ చెంప వైపు చూశారు. నేనూ చూశాను. నున్నగా గీసుకున్న చెంప, ఒక్క చుక్క లేదు.

"ఆయనకేడున్నది మచ్చ?" అంది అక్క.

నేను సంచిలోంచి మిగిలిన ఫొటో తీసి చూపించాను. "మరి గిదేంది?"

అత్తమ్మ ఫొటోను కళ్ళకు ఆనించుకుని చూసి నెత్తి కొట్టుకుంది. "ఓరి నీ సదువు సల్లగుండ! అది నేను పెట్టిన దిష్టిసుక్కరా! పిల్లకు కాటుక పెడ్తాన్న, వీడు ఫొటోకు బయలెల్లిండు. ఈ ఫొటో ఎంతమంది చేతులల్ల తిరుగుతదో, ఏ దేశపోని కన్ను ఎసొంటిదో అని గదే ఏలుతోని వీని చెంపకు అంటిచ్చిన. ముప్పై ఏండ్ల మనిషికి మచ్చ కొత్తగ పుడ్తదా?"

పదిమందీ నవ్వారు. నవ్వు ఆగాక, అందులో నవ్వు లేదని ఒక్కొక్కరికే అర్థమవుతూ వచ్చింది. పాస్‌పోర్టులో ఉన్న మనిషికి మచ్చ ఉంది, వీసా ఆ మనిషికి వచ్చింది, బావకు మచ్చ లేదు. ఇరవై నాలుగు రోజుల తర్వాత ఆ కాగితం చుట్ట చుట్టుకోవడానికి కూడా పనికిరాదు. ఇంకో వీసా పంపిస్తానని ఆ స్నేహితుడు అనలేదు, అనే స్థితిలో లేడు. ఒకరి తర్వాత ఒకరు నన్ను తిట్టారు. చూడ్డానికి వచ్చిన బావ వాళ్ళన్న తిట్టాడు, అత్తమ్మ తిట్టింది, టైపు మిషను ఎలా ఉంటుందో తెలియని పక్కింటాయన కూడా తిట్టాడు. అక్క మాత్రం పాపను ఎత్తుకుని లోపలికి పోయింది. తిట్టిన వాళ్ళందరి కన్నా ఆ ఊరుకోవడమే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

దిద్దించుకోవాలంటే మళ్ళీ ఫారం, మళ్ళీ పోలీసు ఎంక్వయిరీ, తక్కువలో తక్కువ మూడు నెలలన్నాడు పెద్దసారు. అయినా సరేనని నేనొక్కణ్ణే కాజీపేటలో తెల్లవారుజాము రైలెక్కి హైదరాబాదు పోయాను. పాస్‌పోర్టు ఆఫీసు ముందు ఎండలో మూడు గంటలు లైన్లో నిలబడ్డాను. ఊసుపోక నా దగ్గరున్న ఖాళీ ఫారం తీసి చదువుతూ ఉంటే, అట్టడుగున చిన్నక్షరాల్లో ఒక మాట కనబడింది. తప్పుడు వివరాలిస్తే శిక్ష అని. అప్పటికి వందల ఫారాలు నింపినవాణ్ణి, ఆ లైను చదవడం అదే మొదటిసారి. నా వంతు వచ్చేసరికి నోట్లో తడి లేదు. కిటికీ వెనక ఆయన "ఏమిటి?" అన్నాడు. "మంచినీళ్ళు ఎక్కడ దొరుకుతయి సార్?" అని అడిగాను. ఆయన పాపం వివరంగా చెప్పాడు. నీళ్ళు తాగి, మధ్యాహ్నం రైలుకు తిరిగి వచ్చేశాను.

ఇంక మిగిలింది ఒకటే దారి. కాగితం మారదు కనక మనిషి మారాలి. మొదట కాటుక పెట్టి చూశాం. బావ రెండు ఇటుకలు ఎత్తేసరికి చెమటకు కారి మెడ దాకా వచ్చింది. నేను టైపు రిబ్బను సిరా తెచ్చి అంటించాను. అది చెంపంతా పాకి, రెండు రోజులు ఆయన్ని ఎవరో కొట్టినట్టుగా ఉంది. ఆఫీసు ముద్రల సిరా పెడదామంటే అది ఊదారంగు. బావ ఇవన్నీ ముఖం చాచి ఓపిగ్గా చేయించుకున్నాడు. మూడో రోజు పొద్దున మొహం కడుక్కుని వచ్చి, "బామ్మర్దీ, పచ్చబొట్టు పొడిపిచ్చుకుంట" అన్నాడు. ఆయన కోటాలో మాటలు అయిపోయాయి.

నర్సంపేట అంగట్లో పచ్చబొట్లు పొడిచే ముసలామె ఉండేది. ముందు నన్ను, తర్వాత బావను ఎగాదిగా చూసింది. "మొగోళ్ళకు చేతుల మీద పేర్లు పొడుస్త. చెంపల మీద సుక్కలు ఆడోళ్ళు పొడిపిచ్చుకుంటరు. గీ కోరికేందయ్యా నీకు?" అంది. బావ నన్ను చూశాడు. నేను గొంతు తగ్గించి, "గవర్నమెంటు పని అవ్వా" అన్నాను. ఆమె సూదులు కింద పెట్టేసింది. "మొన్న మొన్నటిదాంక పట్టుకపోయి పిల్లలు పుట్టకుంట ఆపరేషన్లు చేసిండ్రు. ఇప్పుడు పచ్చబొట్లు గూడ పొడిపిస్తాండ్రా? ఏం సర్కారయ్యా ఇది!" అని, చుట్టూ ఉన్నవాళ్ళను పిలిచి మరీ చెప్పింది. పది నిమిషాల్లో అంగడంతా మా చుట్టూ చేరింది. ఆ గుంపు మధ్యన బావ కళ్ళు మూసుకుని పొడిపించుకున్నాడు. కిక్కురుమనలేదు. నేనే రెండుసార్లు "అబ్బా" అన్నాను.

ఒక చిన్న సంగతి నేను ఆలోచించలేదు. పచ్చబొట్టును పచ్చబొట్టని ఊరికే అనరు. చుక్క ఆకుపచ్చగా తేలింది. ఆకుపచ్చ పుట్టుమచ్చ ఉన్న మనిషిని నేనెక్కడా చూడలేదు, ఆఫీసరూ చూసి ఉండడు. పైగా చెంప పొంగి బూరెలా అయింది. వారం రోజులు వేపాకు, పసుపు పట్టించి వాపు దించారు. పచ్చచుక్క మీద సన్నగా కాటుక అద్దితే, మచ్చ అంటే మచ్చేననిపించేలా కుదిరింది. అప్పటికి వీసాకు మిగిలింది పదకొండు రోజులు.

పది చదవనివాళ్ళు పనికి పోవాలంటే పాస్‌పోర్టు మీద సర్కారువాళ్ళు ఇంకో ముద్ర వెయ్యాలి, పోయే చోట మోసం లేదని చూసుకుని. బావ చదువు ఐదో తరగతి. ఆ ముద్ర కోసం ఇద్దరం హైదరాబాదు పోయాం. రైల్లో కాజీపేట నుంచి సికింద్రాబాదు దాకా ఆయనకు పాఠం చెప్పాను. "బావా, కిటికీ కాడ సక్కగ నిలబడకు. జర కుడిదిక్కు తిరుగు. ఎడమ చెంప ఆయనకు కనవడాలె. చెమట తుడుచుకోకు. తుడిసినవా, ఖతం." బావ తలూపాడు. లైన్లో రెండు గంటలు నిలబడ్డాం. ఆయన నుదుటి మీద చెమట చుక్క కదిలినప్పుడల్లా నేను ఫైలుతో విసిరాను. వెనకాయన, "పెండ్లికొడుకా ఏంది?" అన్నాడు.

మా వంతు వచ్చింది. బావ పెళ్ళి ఫొటోలో నిలబడ్డట్టు పక్కకు తిరిగి, చెంప కిటికీకి అప్పగించి నిలబడ్డాడు. లోపల ఆఫీసరు తల వంచుకుని రాసుకుంటున్నాడు. పాస్‌పోర్టు తీసుకున్నాడు, వీసా కాగితం చూశాడు, పని కాగితం చూశాడు. తల ఎత్తుతాడేమోనని నేను ఫైలుతో విసరడం కూడా ఆపేశాను. ఆయన ముద్ర తీసి సిరాలో అద్ది రెండుసార్లు గుద్ది, పుస్తకం బయటికి తోసి, "నెక్స్ట్" అన్నాడు. అంతే. ఆ తల ఎత్తనే లేదు. ముద్ర పడిందని తెలియక బావ ఇంకా అలాగే చెంప చూపిస్తూ నిలబడి ఉన్నాడు. "ఏమన్నా, మెడ పట్టేసిందా?" అని వెనకాయన పక్కకు జరిపాడు.

సాయంత్రానికి ఊరు చేరాం. పని అయిందని వాకిట్లోంచే కేక పెట్టాను. అత్తమ్మ కొడుక్కి దిష్టి తీసింది (ఈసారి చుక్క పెట్టబోతే నేనే చెయ్యి పట్టుకుని ఆపాను). అక్క మంచినీళ్ళు తెచ్చిచ్చి, "మొకం సూడలేదా?" అని అడిగింది.

"సూడలే అక్కా. తల గూడ ఎత్తలే."

"ఒక్కపారి గూడనా?"

"ఒక్కపారి గూడ."

"సరే తియ్" అని చెంబు తీసుకుని లోపలికి పోయింది. ఆమెకు గుండె బరువు దిగిందని నేను అనుకున్నాను. అలసిపోయి ఉన్నాను, అరుగు మీదే పడి నిద్రపోయాను. రెండు వారాల్లో మొదటిసారి నిద్ర పట్టింది.

వీసా తారీఖుకు మూడు రోజుల ముందు బావ మస్కట్‌లో దిగాడు. మూడున్నరేళ్ళ తర్వాత రెండు నెలల సెలవు మీద వచ్చాడు. అప్పటికి నాకు తాలూకా కచేరీలో గుమాస్తా ఉద్యోగం వచ్చింది, చౌరస్తా మేడ దిగేశాను. చూడ్డానికి ఊరికి పోయాను. బావ నల్లబడ్డాడు, కొంచెం వంగాడు. "ఎవరన్న మచ్చ చూసిండ్రా బావా?" అని అడిగాను. "ఒక్కడు సూడలే" అన్నాడు. నాలుగేళ్ళ పిల్ల స్తంభం పక్కన నిలబడి ఆయన్ని చూస్తూ ఉంది. మీ నాయిన బిడ్డా, దగ్గరికి పో అని అత్తమ్మ ఎంత తోసినా పోలేదు. బావ మంచం మీదుంటే అది వాకిట్లో, బావ వాకిట్లోకొస్తే అది లోపల. చివరికి నా దగ్గరికి వచ్చి నా చొక్కా లాగింది.

"మామా, గీయన ఎన్నొద్దులుంటడు?"

"రెండు నెల్లుంటడు బిడ్డా."

"మల్ల పోతడా?"

"పోతడు."

"అయితే సరే" అని, నెమ్మదించి, ఆడుకోవడానికి పోయింది.

అత్తమ్మ నవ్వింది, నేనూ నవ్వాను. బావ పక్క మంచంలోనే ఉన్నాడు. నవ్వుతున్నట్టే ముఖం పెట్టి, గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

సాయంత్రం అక్క బస్సు దాకా నాతో నడిచి వచ్చింది. నేనే, "ఐదేండ్లకు ఆళ్ళు సిటిజన్ చెయ్యరక్కా. నేను గప్పుడు తెల్వక చెప్పిన" అన్నాను. ఎన్నో ఆదివారాలు ఆలస్యంగా.

"తెలుసు. రెండో ఏడే ఉత్తరంల రాసిండు" అంది. ఇంకో నాలుగడుగులు వేసింది. "గా మచ్చ ముచ్చట బయటపడ్డనాడు అందరు నిన్ను తిట్టిండ్రు. నేనొక్కదాన్నే తిట్టలే. యాదికున్నదా?"

"ఉన్నదక్కా. నీకు శానా కోపమొచ్చిందనుకున్న."

"కోపమెందుకు తమ్మీ. సంతోషపడ్డ. ఇంట్ల అందరికి ఆయన పోవాల్నని ఉండె, నాకొక్కదానికే లేకుండె. ఒళ్ళె పసిపిల్ల. వద్దని ఎట్లంట? పని లేకపాయె, అత్తమ్మ ముంగట నోరెట్ల తెరుస్త? నువ్వు తప్పు రాస్తివి, దేవుడే రాయిచ్చిండనుకున్న. మీరు హైదరాబాద్ పోయిననాడు పొద్దంత దేవుని గూటికాడనే కూసున్న. గా ఆఫీసరు ఒక్కపారి మొకమెత్తి సూస్తే ఆయన పోవుడు ఆగుతది కదా అని." కొంగుతో ముఖం తుడుచుకుని, "తల గూడ ఎత్తకపాయె" అంది.

అంతలో బస్సు వచ్చింది. ఎక్కి కిటికీ పక్కన కూచున్నాను. అక్క చెయ్యి ఊపింది, నేనూ ఊపాను. హన్మకొండ దాకా టిక్కెట్టు చేతిలో నలుపుతూనే ఉన్నాను. బావ ఆ తర్వాత ఇంకో రెండుసార్లు పోయి, ఒంట్లో ఓపిక అయిపోయాక వచ్చి ఊళ్ళో నిలిచాడు. పిల్ల ఆయనతో మాట్లాడడం మొదలుపెట్టడానికి ఏడాది పట్టింది. ఇప్పుడు ఆ పిల్లకే పెళ్ళీడు పిల్లలున్నారు, తాతను వదలరు.

ఆ ఇరవై మూడేళ్ళ ఫారాల సారును ఇప్పుడు తలచుకుంటే నాకు కోపం రాదు, నవ్వే వస్తుంది. మూడు రకాల వీసాలూ వేళ్ళ మీద చెప్పేవాడు, రాని పౌరసత్వం అరుగు మీద కూచుని పంచిపెట్టేవాడు, మనిషి లేకుండానే మచ్చ రాసేవాడు. ఎదురుగా పాప కాళ్ళకు నూనె రాస్తూ కూచున్న సొంత అక్కను మాత్రం, ఆయన పోవడం నీకు ఇష్టమేనా అని ఒక్క మాట అడగలేదు. ఆ మాట అడగడానికి ఇంగ్లీషు కూడా అక్కర్లేదు.